తిరింగో కంటి వెంట్రుకలు

శుక్రవారం మాకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ తినరు కనుక పొద్దున్నే పొయ్యి రాజేసే హడావిడి ఉండదు. ఎండ మా గుమ్మం ముందున్న రాతి అరుగు మీదికి ఎక్కేసరికి తిరింగో వచ్చేది. పలకరింపు కూడా లేకుండా నా ఒళ్లో తల పెట్టి పడుకునేది. మెడలో నల్లతాడుకి శిలువతో పాటు వేలాడే ఇనుప శ్రావణాన్ని, వేలెడంత పట్టకారుని, ఊడదీసి నా చేతిలో పెట్టేది. పదకొండేళ్లు అలా గడిచాయి.

ఆ శ్రావణం ముళ్లు తీసుకోవడానికని కమ్మరి చేసిచ్చేది. మా కొండ మీద ఆడవాళ్లం దానితో ముళ్లకన్నా కంటి వెంట్రుకలే ఎక్కువ పీకాం. చిన్నప్పటి నుంచి కళ్లకలకలు వచ్చీ వచ్చీ రెప్ప లోపలివైపు కాయకట్టినట్టు గట్టిపడుతుంది. తర్వాత ముడుచుకుని లోపలికి తిరుగుతుంది. దానితో పాటు వెంట్రుకలూ తిరుగుతాయి. ఇక రెప్ప వేసినప్పుడల్లా అవి కంటిగుడ్డును గీరుతూనే ఉంటాయి. పీకితే కొన్నాళ్లు హాయి. మళ్లీ మొలిచేటప్పుడు ఈసారి చీపురుపుల్లల్లా మొలుస్తాయి.

మగవాళ్లకి ఇది తక్కువ. వాళ్లు పొలంలో గాలికి తిరుగుతారు. మేం పొగలోనూ పిల్లల్లోనూ ఉంటాం. చంకలో పిల్లకి కళ్లు పుసులు కడితే పైన కప్పుకున్న నెతెలా కొంగుతో తుడుస్తాం, అదే కొంగుతో పక్కవాడి ముక్కు, అదే కొంగుతో పొగకి కారిన మన కన్నీళ్లు. నీళ్ల ఊటకి దిగి ఎక్కడానికి గంట పడుతుంటే ఎవరి ముఖం ఎన్నిసార్లు కడుగుతాం? ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పట్లో కొంగు ఉన్నది తుడవడానికే అనుకున్నాను.

ఒళ్లో తల పెట్టుకుని నేను పీకుతుంటే తిరింగో నోరు మాత్రం ఆగేది కాదు.

"ఒసే వుబిత్, రెప్ప పీకుతున్నావా, వెంట్రుక పీకుతున్నావా?"

"కదలకుండా ఉంటే వెంట్రుకే. కదిలావంటే ముక్కు కూడా వచ్చేస్తుంది."

"నీ మొగుడి గడ్డం పీకు, నీ కోపమన్నా తగ్గుతుంది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది. ఉంటుంది, కాదనను. కానీ చూపు కూడా అంత సూటిగానే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించాలన్నా, పిల్లల తలలో పేను చూడాలన్నా నా దగ్గరికే వస్తారు. తిరింగో తన కళ్లు నాకు తప్ప ఎవరికీ ఇచ్చేది కాదు. అది నాకు గర్వంగా కూడా ఉండేది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పీకిన ప్రతి వెంట్రుకనీ తన అరచేతిలో పెట్టించుకునేది. అన్నీ అయ్యాక ఎడమ కంటివి ఒక గుడ్డపీలికలో, కుడికంటివి ఇంకోదానిలో చుట్టి మా మట్టిగోడ పగులులో దోపేది. కంటి నుంచి వచ్చింది నిప్పులో పడకూడదు, ఎవరూ తొక్కకూడదు, తొక్కితే ఆ కన్ను ఆరిపోతుంది అని వాళ్లమ్మ చెప్పిందట. చెప్పిన తల్లి కళ్లు ఆరనే ఆరిపోయాయి కదా అని నేను ఒకసారి అన్నాను. తిరింగో రెండు శుక్రవారాలు రాలేదు. మూడోదానికి నేనే వెళ్లి తీసుకొచ్చాను.

ఆ తల్లి సంగతి చెప్పాలి. తిరింగోకి తొమ్మిదేళ్లప్పుడు ఆమె చూపు పూర్తిగా పోయింది. ఆ రోజు నుంచి పెళ్లయ్యే దాకా, ఆరేళ్లు, కర్రకి ఒక కొస తల్లి, ఇంకో కొస తిరింగో. ఊటకి, గుడికి, సంతకి, ఎక్కడికైనా అంతే. ముందు నడుస్తూ "రాయి", "గుంట", "పేడ" అని చెబుతూ పోవాలి. విసుగొచ్చి ఒకరోజు గుంట లేనిచోట "గుంట" అంది. తల్లి గౌను ఎత్తుకుని గెంతింది. తిరింగో నవ్వింది. తల్లికి అర్థమై తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తిరింగో ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు.

"తిట్టినా బాగుండేదే. నవ్వింది" అనేది.

మేమిద్దరం ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. ఆమె భర్త గెదెఫౌ మంచివాడే, మాటే కాస్త మొద్దు. తిరింగో ఆరుగురిని కని నలుగురిని దక్కించుకుంది. ఊళ్లో ఇంజెరా రొట్టె అంటే ఆమెదే. తెఫ్ గింజల పిండి పులిసిందో లేదో గిన్నెకి చెవి ఆనించి చెప్పేది. ఆ పదకొండేళ్లలో చివరి నాలుగేళ్లూ పెనం మీద పిండి కూడా వాసనబట్టి, చప్పుడుబట్టి పోసింది. కుడికంట్లో అప్పటికే తెల్లగా పువ్వు పడింది. ఆ కంటితో ఎండా నీడా తప్ప ఏమీ తెలియదు. మిగిలింది ఎడమ కన్ను. అందులోనూ పొద్దుటి మంచులా ఏదో దిగుతోందని ఆ ఏడు వానలు వెలిశాక చెప్పింది.

కొన్నాళ్లకి వాళ్ల తలుపు వెనక ఒక కొత్త కర్ర చూశాను. ఆలివ్ కొమ్మ, నున్నగా చెక్కి ఉంది. గెదెఫౌ చేశాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆఖరి కూతురు ఎమెబెత్‌కి అప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి చదువుతోంది.

"సరిగ్గా నా వయసే" అంది తిరింగో, నా ఒళ్లో పడుకుని. "దాని చేతిలో కర్ర పెట్టేకన్నా లోయలో పడి చస్తాను."

"నోరు ముయ్యి. రెప్ప కదులుతోంది" అన్నాను.

తెఫ్ నూర్పిళ్లు అయిపోయిన వారానికి, ఊరూరా తిరిగి మందులిచ్చే ఫికిర్తె అనే పిల్ల పరుగున వచ్చింది. కిందనున్న సంత ఊరి ఆరోగ్య కేంద్రానికి కంటివాళ్లు వస్తున్నారట. సోమవారం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఉంటారట. రెప్పని కాస్త కోసి, తిప్పి కుడితే వెంట్రుకలు బయటికి తిరుగుతాయట. మళ్లీ ఎప్పుడొస్తారంటే తెలియదంది.

"పోయిన చూపు రాదు తిరింగక్కా. ఉన్నది నిలుస్తుంది. ఈసారి తప్పించుకోకు" అంది.

గెదెఫౌ గడ్డం గోక్కున్నాడు. "కుట్లు పడ్డాక పొగ దగ్గరికి వెళ్లకూడదంట కదా. మరి ఇంజెరా ఎవరు కాలుస్తారు?"

"నేను కాలుస్తాను అన్నయ్యా. నోట్లో కూడా నన్నే పెట్టమంటావా?" అన్నాను.

ఆదివారం సాయంత్రం తిరింగో మా ఇంటికొచ్చింది. తలకి వెన్న రాసి సన్నగా జడలు వేశాను. తెల్లగౌను ఉతికించాను. పెళ్లికి వెళ్తున్నట్టే ఉంది. తర్వాత అలవాటు ప్రకారం ఒళ్లో పడుకుంది. కొత్తవాళ్ల ముందుకి కళ్లల్లో చీపురు పెట్టుకుని వెళ్తామా? దారంతా దుమ్ము, ఎండ, మూడు గంటల నడక. ఉన్న వెంట్రుకలన్నీ, కంటికి ఆనేవీ ఆననివీ, ఒక్కటి వదలకుండా పీకాను. ఎడమ కంటివే పదిహేడు. అంత శుభ్రంగా నా జన్మలో ఎప్పుడూ పీకలేదు.

"ఇప్పుడు చూడు, దొరసానిలా ఉన్నావు" అన్నాను.

లేచి శ్రావణాన్ని నా మెడలో వేసింది. "నీ దగ్గరుంచు. ఇనుపముక్కతో పీక్కోవద్దని ఫికిర్తె చెప్పి చెప్పి అలిసిపోయింది. వాళ్లు చూస్తే తిడతారు."

సోమవారం కర్ర కొస పట్టుకుని నేనే తీసుకెళ్లాను. అక్కడ నూట యాభై మంది ఆడవాళ్లు, అందరి కళ్ల మీదా కొంగులే. మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. మెల్కాము అనే కుర్రవాడు, నుదుటికి అద్దాలు కట్టుకుని, చెమటలు కక్కుతున్నాడు. ఆమె రెప్ప ఎత్తి చూశాడు.

"గుచ్చుకునే వెంట్రుక ఒక్కటీ లేదే. పీక్కుంటారా?"

"లేదయ్యా. ఎప్పుడూ లేదు" అంది తిరింగో.

నేను ఊరుకోవచ్చుగా? "అలాంటివి చేయదయ్యా. చాలా శుభ్రమైన మనిషి" అన్నాను. నా మెడలో రెండు శ్రావణాలు, నాదీ ఆమెదీ. వాటి మీద కొంగు కప్పుకుని మరీ అన్నాను.

ఆయన ఒక లేపనం గొట్టం ఇచ్చి, కాగితం మీద ఏదో రాసి, తర్వాతి ఆవిణ్ణి పిలిచాడు. మాకు చాలా సంతోషం వేసింది. గుచ్చుకునేది లేదన్నాడంటే అంత చెడిపోలేదనే కదా అనుకుంటూ దారంతా నవ్వుకుంటూ వచ్చాం. ఇంత తెలివితక్కువ ఆడవాళ్లు ఇద్దరు ఒకే దారిన నడవడం ఆ కొండ ఎప్పుడూ చూసి ఉండదు.

బుధవారం ఫికిర్తె వచ్చి కట్టు ఏదని అడిగింది. చెప్పాం. ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది.

"జబ్బు చూపించడానికి వెళ్తూ జబ్బుని ఇంట్లో వదిలేసి వెళ్తారా అక్కా? వెంట్రుకలుంటేనే కదా ఆయనకి తెలిసేది! పైగా పీక్కోను అని అబద్ధం కూడానా? పీక్కుంటాను అని ఒక్కమాట చెప్తే కోసేవాడు!"

తిరింగో గోడ వైపు తిరిగి కూర్చుంది. మళ్లీ వెళ్దామంటే ససేమిరా అంది. అబద్ధం చెప్పిన మొహంతో వెళ్లలేనంది, గెంటేస్తారంది, రాసి పెట్టిన కాగితం మారుస్తారా అంది. గురువారమంతా బతిమాలాను, తిట్టాను. ఎమెబెత్ బడి నుంచి వచ్చి పలక గోడకి ఆనించి మా ఇద్దరి వంకా చూస్తూ నిలబడింది. తిరింగో దాని తల నిమిరింది గానీ వస్తానని మాత్రం అనలేదు.

శుక్రవారం పొద్దున ఎండ అరుగు మీదికి ఎక్కింది. తిరింగో వచ్చింది. ఒళ్లో తల పెట్టింది.

"కొత్తవి మొలుస్తున్నాయే. సూదుల్లా ఉన్నాయి. తొందరగా తియ్యి."

నిజమే. ఎండలో చూస్తే రెప్ప అంచున నల్లటి చుక్కలు. శ్రావణం నా చేతిలోనే ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఏంటే ఆలస్యం?"

"తియ్యను."

"ఏమన్నావ్?"

"తియ్యను. పదకొండేళ్లు తీశాను. తీసి తీసి నీ కన్ను నేనే పాడుచేశాను. ఇంక తియ్యను. లే."

ఎప్పుడూ ఎదురు చెప్పని నా చెయ్యి ఎదురు చెప్పేసరికి ఆమె లేచి కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టింది. మా అత్తనీ మామనీ కూడా కలుపుకుంది. తిట్టనిచ్చాను. నా బుర్ర ఇంకెక్కడో ఉంది. ఆ కుర్రవాడు మా మాట ఎందుకు నమ్మాలి? అబద్ధమాడిన నోళ్లు. నోరు కాకుండా ఇంకేదైనా చెప్పాలి. నా కళ్లు గోడ పగులు మీద పడ్డాయి.

గబగబా వెళ్లి వేళ్లు పెట్టి లాగాను. మట్టితో పాటు పీలికల మూటలు రాలాయి. పాతవి పసుపుపచ్చగా, కొత్తవి తెల్లగా. ఎడమ కంటివన్నీ ఒక గుడ్డలో, కుడికంటివన్నీ ఇంకో గుడ్డలో వేసి కట్టాను. ఎడమది గోలీకాయంత అయింది. అంతా కంటి వెంట్రుకలే.

"అవెందుకే ముట్టుకున్నావు? అమ్మ..." అంది తిరింగో.

"మీ అమ్మ కంటి నుంచి వచ్చింది పారెయ్యొద్దంది, అంతే కదా? పారెయ్యట్లేదు. తీసుకెళ్తున్నాం. మీ అమ్మ ఎందుకు దాచమందో ఇవాళ తెలిసింది. నడు!"

ఆమె కర్ర కొస పట్టుకుంది.

ఆ నడక నేను చచ్చేదాకా మర్చిపోను. మూడు గంటల దారి రెండున్నరలో దిగాం. "రాయి", "గుంట" అని నేను అరుస్తూ ముందు, సూదులు మొలిచిన కళ్ల మీద కొంగు కప్పుకుని తిట్టుకుంటూ ఆమె వెనక. వెళ్లేసరికి పెట్టెలు సర్దుతున్నారు. ఒక బల్ల అప్పటికే బండి ఎక్కింది. వాకిట్లో ఒకడు చెయ్యి అడ్డం పెట్టి అయిపోయింది పొమ్మన్నాడు. వాడి చెయ్యి కింద నుంచి దూరిపోయాను.

మెల్కాము చేతులు కడుక్కుంటున్నాడు. నేను మూట విప్పి ఆయన ముందున్న పళ్లెంలో పెట్టాను.

"ఏంటిది?"

"కంటి వెంట్రుకలయ్యా."

"ఎవరివి?"

"ఈమెవే. ఇది ఎడమ కంటిది. కుడికంటిది ఈ మూట. సోమవారం మీరు చూసింది ఈ కన్నే. ముందురోజు సాయంత్రం నేనే పీకేశాను. మీ ముందు శుభ్రంగా కనబడాలని." మెడలోని శ్రావణాలు రెండూ ఎత్తి చూపించాను.

ఆయన తడి చేతులు తుడుచుకోకుండా వంగి చూశాడు. వేలితో కొంచెం కదిపాడు.

"ఎన్నేళ్లవి?"

"పదకొండు."

"మరి పీక్కోనని ఎందుకు చెప్పావమ్మా?" అని తిరింగోని అడిగాడు.

"తిడతారని నాయనా."

"ఇప్పుడు తిట్టనా?"

"తిట్టు. ముందు కోసి, తర్వాత తిట్టు" అంది తిరింగో.

వాకిట్లోవాడితో సహా అందరూ నవ్వారు. మెల్కాము నవ్వుతూనే అద్దాలు మళ్లీ కట్టుకుని ఆమెని వెలుగులోకి తీసుకెళ్లాడు. ఈసారి తొందరపడలేదు. రెప్ప తిప్పి చాలాసేపు చూశాడు. మొలిచిన మొనలూ కనబడ్డాయి, లోపలి కాయలూ కనబడ్డాయి.

"సోమవారం నేను కూడా సరిగ్గా చూడలేదు" అన్నాడు మెల్లగా. తర్వాత బయటికి కేకేశాడు. "ఆ బల్ల దించండి!"

బల్ల బండి దిగిన చప్పుడు విన్నాకే నేల మీద కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం రెండు కళ్ల రెప్పలూ కోసి కుట్టారు. మెల్కాము ఆ రాత్రికి ఆగిపోయాడు, మేమూ అక్కడే చాపలు వేసుకుని పడుకున్నాం. పొద్దున కట్టు విప్పారు. రెప్పలు వాచి, రంగు మారి, దొరసాని పోలికలేమీ లేవు. మెల్కాము కళ్లు తెరవమన్నాడు. తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఏదో వింటున్నట్టు తల పక్కకి వంచింది.

"ఏమైందే? నొప్పా?"

"రెప్ప వేస్తున్నాను" అంది.

"వేస్తే?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదే వుబిత్!" అని మళ్లీ వేసింది, మళ్లీ వేసింది, కొత్త ఆట దొరికిన పసిపిల్లలా వేస్తూనే ఉంది. నేను బయటికి వెళ్లి గోడ చాటున కడుపారా ఏడ్చాను.

మూటల్ని కొత్తగా నేర్చుకునేవాళ్లకి చూపించడానికి ఉంచుకుంటానని మెల్కాము అడిగాడు. తిరింగో ఆలోచించింది.

"ఎవరూ తొక్కరు కదా?"

"సీసాలో పెట్టి మూత వేస్తానమ్మా."

"అయితే ఉంచుకో."

తర్వాత పది రోజులు నేను రెండిళ్లకి ఇంజెరా కాల్చాను. నాది మందంగా ఉందని గెదెఫౌ అన్నాడు. అన్నవాడు అన్నీ తినేశాడు. కుడికంట్లో పువ్వు అలాగే ఉంది, అది పోదు. ఎడమ కంటి మంచు మాత్రం రోజురోజుకీ విడిచింది. ఫికిర్తె చెప్పినట్టు ఆ ఇంట్లో ఎవరి ముఖం గుడ్డ వాళ్లకే అయింది. నీళ్ల దగ్గర తిరింగో ఎమెబెత్ ముఖం రుద్దడం చూస్తే తోలు ఊడుతుందేమో అనిపించేది.

పదకొండో రోజు ఆరోగ్య కేంద్రంలో కుట్లు తీయించుకుని తిరిగొస్తున్నాం. మిట్ట ఎక్కడం మొదలుపెట్టాక తిరింగో నా చేతిలోంచి కర్ర లాక్కుంది. మగాళ్లు మోసినట్టు దాన్ని రెండు భుజాల మీద అడ్డంగా వేసుకుని, చేతులు రెండూ దాని మీదికి పడేసి, నాకన్నా ముందు నడిచింది. దారినపోయే ముసలాయన చూసి నోరు తెరిచాడు.

"ఏం తాతా, ఎప్పుడూ చూడలేదా?" అంది.

నేనూ నవ్వుతున్నాను కనుక కింద చూసుకోలేదు. తుమ్మముల్లు చెప్పు దాటి మడమలో దిగింది. కుయ్యోమని కూర్చుండిపోయాను. తిరింగో వెనక్కి వచ్చింది. కర్ర పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుని, నా పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది. నా మెడలోంచి తన శ్రావణాన్ని తీసుకుంది. పదకొండేళ్లలో అది ఆమె చేతిలో పనిచేయడం అదే మొదటిసారి.

"నీకు కనబడదు, నేను తీసుకుంటాలే" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

"కదలకు. కదిలావంటే ముక్కు కూడా వచ్చేస్తుంది."

ఎండలో వంగి ఎడమ కంటితో చూసింది. నీళ్లు కారలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. శ్రావణం మొన ఎక్కడా తడుముకోకుండా నేరుగా ముల్లు మీదికే వెళ్లింది. ఒక్క లాగుడుకే ముల్లు బయటికి వచ్చేసింది. దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది.

"మొన విరగలేదు. చూడు, కొసన ఎర్రగా కూడా ఉంది" అంది.

"గోడలో దాచనా?" అన్నాను.

"దీన్నా?" అంది తిరింగో. ముల్లుని లోయలోకి విసిరేసి, అది పడే దాకా చూసింది.